అండం చుట్టూ ఉన్న నీటిని వదిలేసిన లెక్కలు

సముద్రం ఆమ్లపూరితం అవుతోందనగానే మనకు గుర్తొచ్చేవి పగడాలు, గవ్వలు, ఆల్చిప్పలు. పరిశ్రమలు వచ్చినప్పటి నుంచి ఉపరితల జలాల సగటు పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత, ఇది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) 8.2 నుంచి 8.1కి పడింది. గవ్వ కరగడం కంటికి కనిపిస్తుంది కాబట్టి చర్చంతా దాని చుట్టూనే తిరుగుతోంది. గవ్వ తయారవడానికి చాలా ముందే, ఫలదీకరణకు ముందు నీటిలో ఒంటరిగా తేలే అండం సంగతి మాత్రం వెనకబడిపోయింది.

ఒళ్లంతా ముళ్లుండే గుండ్రటి సముద్ర జీవి సీ అర్చిన్ అండం చుట్టూ జిగురు పొర ఉంటుంది. అది రక్షణ కవచం మాత్రమే కాదు. అందులోంచి చిన్న పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు, నీటిలోకి కరుగుతూ ఉంటాయి. అర్బేసియా అనే అర్చిన్ జాతిలో ఆ పెప్టైడ్ పేరు రెసాక్ట్, 14 అమైనో ఆమ్లాల గొలుసు. ఆ జాతి శుక్రకణాలు దాని జాడ పట్టుకుని అండం వైపు మళ్లుతాయి. మరో జాతి అర్చిన్ విడుదల చేసే స్పెరాక్ట్‌ను అవి పట్టించుకోవు. అండాలు నానిన నీటికి శుక్రకణాలు స్పందిస్తాయని అమెరికాలోని వుడ్స్ హోల్‌లో ఫ్రాంక్ లిల్లీ 1910లలోనే గమనించాడు. రెడ్ అబలోన్ అనే సముద్రపు నత్త విషయం ఇంకా విచిత్రం. దాని అండం వదిలేది ట్రిప్టోఫాన్, మన తిండిలోనూ ఉండే మామూలు అమైనో ఆమ్లమే! ఎంజైముతో దాన్ని నాశనం చేస్తే ఫలదీకరణ తగ్గింది.

ఆమ్లత్వం ఈ ఏర్పాటును ఎంత చెడగొడుతుంది? ల్యాబులో జిగురు పొర తీసేయాలంటే పీహెచ్‌ను సుమారు 5కు దించుతారు. సముద్రం ఆ స్థాయికి పోదు కాబట్టి పొర మొత్తం కరిగిపోతుందని భయపెట్టడం సరికాదు. అయితే అంత దాకా పోనక్కర్లేదు. ఆస్ట్రేలియా తీరపు ఒక అర్చిన్ జాతిలో, ఈ శతాబ్దంలో రావచ్చనుకుంటున్న పీహెచ్ దగ్గరే జిగురు పొర కుంచించుకుపోయింది. అన్ని ఆడ అర్చిన్లలో ఒకేలా కాదు, కొన్నిటిలో ఎక్కువ, కొన్నిటిలో తక్కువ. పొర తగ్గితే శుక్రకణం తగలాల్సిన గురి కూడా చిన్నదవుతుంది.

నా అభ్యంతరం ప్రయోగాల తీరు మీద. బీకరులో శుక్రకణాలు కిక్కిరిసి ఉంటే, రసాయన పిలుపు బలహీనపడినా ఏదో ఒకటి గుద్దుకుంటుంది, ఫలితం 'పర్వాలేదు' అని వస్తుంది. అలలున్న సముద్రంలో శుక్రకణాలు నిమిషాల్లో పలచబడతాయి. కాబట్టి తక్కువ సాంద్రతలో, కదిలే నీటిలో, ఒక్కో ఆడదాని అండాలను విడివిడిగా పరీక్షించిన ఫలితాలకే ఎక్కువ విలువ ఇవ్వాలి. 'ఈ జాతి తట్టుకుంటుంది' అనే వార్త కనిపిస్తే ముందు అడగాల్సింది, బీకరులో శుక్రకణాలు ఎన్ని పోశారని.