పెరుగు ప్యాకెట్‌కి కూడా పంపలేని ఊరు

మొన్న చుట్టాల గృహప్రవేశంలో భోజనాల దగ్గర మళ్లీ అదే ప్రశ్న. "యూరప్ వెళ్లొచ్చారటగా, ఎన్ని దేశాలు కవర్ చేశారు?" ఒక్క ఊరేనండీ, ఆస్ట్రియాలో వియన్నా, పదకొండు రోజులూ అక్కడే ఉన్నాం అన్నాను. ఆవిడ ముఖంలో జాలి చూడాలి. అదే డబ్బుకి ప్యాకేజీ వాళ్లయితే ఆరు దేశాలు తిప్పి, ఈఫిల్ టవర్ కూడా చూపించేవాళ్లట. పక్కనున్న పెద్దాయన ఇంకో మాట వేశాడు: "ఆయన లేకుండా, ఇద్దరాడపిల్లల్నేసుకుని ఒక్కదానివే వెళ్లావామ్మా!" అంతలో గులాబ్ జామున్ వచ్చింది కాబట్టి అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

2025 మే చివర్లో, స్కూళ్లు తెరిచేలోగా వెళ్లాం. మా ఆయనకి సెలవు దొరకలేదు. పెద్దదానికి పద్నాలుగు, చిన్నదానికి పది. మార్గరెటెన్ అనే పేటలో మూడో అంతస్తులో చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. పూటపూటా హోటల్లో తినాలంటే ఆస్తులమ్ముకోవాలి. పైగా రోజుకో ఊళ్లో పెట్టె విప్పి సర్దే ఓపిక నాకు లేదు.

మొదటి నాలుగు రోజులూ మాకు నరకమే. బాత్రూమ్‌లో చెంబు లేదు సరికదా, నేల మీద పడ్డ నీళ్లు పోవడానికి తూము కూడా లేదు. చిన్నది మన పద్ధతిలో స్నానం చేసొచ్చేసరికి హాలంతా చెరువు. కిటికీ పిడి పైకి తిప్పితే రెక్క మొత్తం పైనుంచి మా మీదకి వాలింది. విరగ్గొట్టేశాం, అడ్వాన్స్ గోవిందా అని పెద్దది ఏడుపుమొహం పెట్టింది. అక్కడ కిటికీలే అంతట, గాలి కోసం అలా వాలతాయట. గురువారం ఏసు స్వర్గారోహణ పండగని షాపులు బంద్. మళ్లీ ఆదివారం బంద్. ఇంటి నుంచి తీసుకెళ్లిన కందిపొడి లేకపోతే ఏమయ్యేవాళ్లమో. మంచినీళ్ల సీసాలు ఎక్కడ దొరుకుతాయని అడిగితే ఇంటావిడ నవ్వి కుళాయి చూపించింది. 1873 నుంచి ఆ ఊరికి ఆల్ప్స్ కొండల ఊటనీళ్లు పైపుల్లో వస్తున్నాయి. ఇక్కడ హైదరాబాద్ నిజాంపేటలో వాటర్ క్యాన్ కుర్రాడు ఫోనెత్తకపోతే మా ఇంట్లో ఎమర్జెన్సీ.

ఐదో రోజు పొద్దున పెద్దది చెప్పులేసుకుని, "అమ్మా, రొట్టెలు నేను తెస్తా" అంది. మామూలుగానే నా నోట్లోంచి "వద్దు" వచ్చేసింది. ఎందుకు వద్దు అనడిగితే జవాబు తోచలేదు. బేకరీ రెండు వీధుల అవతల. వచ్చినప్పటి నుంచీ వెళ్తున్నదే. సరే పో అన్నాను. అన్నానే గానీ కిటికీ దగ్గర నిలబడి గ్రిల్లు పట్టుకుందామంటే గ్రిల్లు కూడా లేదక్కడ. కింద జుట్టు ముడేసుకుంటూ నడిచింది. సిగ్నల్ దగ్గర ఆగింది. రోడ్డు మీద ఒక్క బండీ లేదు, అయినా ఒక ముసలాయన, కుక్కని పట్టుకున్న ఒకమ్మాయి, మా పిల్ల, ముగ్గురూ ఎర్రలైటుకి కట్టుబడి నిలబడ్డారు. పచ్చ పడింది, దాటింది, మలుపు తిరిగింది, కనపడకుండా పోయింది. పద్నాలుగేళ్లలో మొదటిసారి మా పెద్దది ఒక వీధిలో ఒంటరిగా ఉంది. పావుగంట తర్వాత నాలుగు సెమ్మెల్‌లతో వచ్చింది. సెమ్మెల్ అంటే పైన ఐదు రేకుల గీతలుండే గుండ్రటి బన్ను. కాగితం సంచీ ఇంకా వెచ్చగా ఉంది. "చిల్లర కరెక్ట్‌గా లెక్కపెట్టుకున్నా" అంది, ఐఐటీ సీటు వచ్చినంత గర్వంగా.

ఆ రోజు నుంచి రొట్టెల డ్యూటీ దానిదే. చిన్నది అక్క తోక పట్టుకుంది. 2015 నుంచి అక్కడ కొన్ని సిగ్నళ్లలో ఒక్క మనిషి బొమ్మ బదులు చేతులు పట్టుకున్న జంటల బొమ్మలున్నాయి, ఇద్దరాడవాళ్లవీ, ఇద్దరు మగవాళ్లవీ కూడా. అవి ఎందుకు పెట్టారో పెద్దదానికి తెలుసు. చిన్నది మాత్రం "అది అక్కా, నేనూ" అని తేల్చేసింది. నేను సరిదిద్దలేదు.

సాయంత్రాలు పార్కుకి. అక్కడ చీకటి పడేసరికి తొమ్మిది. చూస్తే పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలు గుంపులుగా కూర్చుని కబుర్లు, కొందరు బంతాట. నాకది వింతగా తోచి, తిరిగొచ్చాక వెతికి చదివాను. 1990ల మధ్యలో ఆ ఊరివాళ్లు పార్కుల్లో ఎవరెవరు ఆడుతున్నారో గమనించారట. తొమ్మిదేళ్లు దాటితే ఆడపిల్లలు మాయమైపోతున్నారు, మగపిల్లలు ఉంటున్నారు. పిల్లలకి ఆడాలని లేక కాదు. ఆటస్థలం చుట్టూ కంచె, దానికి ఒకే దారి, అక్కడ పెద్దబ్బాయిలు. దాంతో మేమున్న పేటలోనే రెండు పార్కులు ఎంచుకుని మార్చారు. ఐన్‌సీడ్లర్ పార్కు ఒకటి, ఇప్పుడు బ్రూనో క్రైస్కీ పార్కు అంటున్నది రెండోది. లోపలికి దారులు పెంచారు, వాలీబాల్‌కి చోటిచ్చారు, గుంపుగా కూర్చునే చోట్లు పెట్టారు. ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. ఊరి ప్లానింగ్‌లో ఆడవాళ్ల సంగతి పట్టించుకోవాలని ఏళ్ల తరబడి పనిచేసిన ఎవా కైల్ లాంటి అధికారులున్నారు కాబట్టి అయింది.

అది చదువుతుంటే మా కాలనీ పార్కు కళ్లముందుకొచ్చింది. పొద్దున వాకింగ్ అంకుల్స్, సాయంత్రం మగపిల్లల క్రికెట్. మా పెద్దది అక్కడికి ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. నాకు మండేది అదే. నేనెప్పుడూ వద్దనలేదు, అదెప్పుడూ పోతాననలేదు, మధ్యలో ఎప్పుడో ఆగిపోయింది. మేం దాన్ని "సిగ్గరి" అనుకున్నాం.

అక్కడ స్వర్గమేం కాదు. చిన్నది పొరపాటున సైకిళ్ల దారిలోకి వెళ్తే ఒక ముసలావిడ దుమ్ము దులిపింది. రాత్రిళ్లు మెట్రో స్టేషన్ దగ్గర తాగుబోతులూ కనిపించారు. వియన్నా జనాభా ఇరవై లక్షలు, మన హైదరాబాద్‌తో పోలికేంటని మా మరిది వాదన. నిజమే బాబూ. కానీ మా గేటు నుంచి కిరాణా కొట్టుకి మూడొందల మీటర్లు. అందులో ఫుట్‌పాత్ ఎక్కగానే ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత వరసగా బైకులు, తర్వాత పగిలిన నాలా బండ, ఆ తర్వాత ఫుట్‌పాతే లేదు. రోడ్డు మీదకి దిగితే రాంగ్ రూట్లో హారన్ కొడుతూ ఎదురొచ్చేవాళ్లు, అదీ మనదే తప్పన్నట్టు. ఆ బండ మార్చడానికి జనాభాతో ఏం పని? ట్రాన్స్‌ఫార్మర్‌ని పక్కకి జరపడానికి ఆల్ప్స్ కొండలు కావాలా?

ఆరు దేశాలు తిరిగితే ఆరు ఫొటోలు దొరికేవేమో. మా పెద్దదానికి ఒక వీధి దొరికింది, పదకొండు రోజులకి.

పోయిన వారం రాత్రి ఏడున్నరకి పెరుగైపోయింది. "నేను తెస్తానమ్మా" అని పెద్దది చెప్పుల్లో కాళ్లు పెట్టింది. బాల్కనీలోంచి కిందికి చూశాను. "ఆగు, నేనూ వస్తా" అన్నాను. అది ఒక్క క్షణం నిలబడి చెప్పులు విప్పేసింది.

"అక్కర్లేదులే, ఆర్డర్ పెట్టెయ్."

పది నిమిషాల్లో పెరుగొచ్చింది. తెచ్చిన కుర్రాడు రాంగ్ రూట్లోనే వచ్చాడు.