పోయేది మోటారు, కొనమనేది అసెంబ్లీ

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పాత డర్ట్ బైక్‌లో, ట్యాంకు లోపలుండే ఫ్యూయల్ పంప్ పోయిందంటే, చాలాసార్లు పాడయ్యేది లోపలి చిన్న మోటారు ఒక్కటే. అయినా మోటారు, ఫిల్టర్, గొట్టం అన్నీ కలిసొచ్చే పంపు అసెంబ్లీ మొత్తం మార్చమంటారు! ఎందుకండీ ఈ బాదుడు?

ముందు ఫ్యూజు, రిలే (పంపుకి కరెంటు కలిపే స్విచ్చి) చూడండి. స్టార్ట్ చేసేటప్పుడు కనెక్టర్‌కి 12 వోల్టులు వస్తున్నా పంపు ఉలకదు పలకదు అంటేనే మోటారు పోయినట్టు. వ్యాసం, పొడవు, ప్రెషర్ సరిపోయే మోటారు వేస్తే చాలు, ఫిల్టర్ కూడా అప్పుడే మార్చేయాలి.

అసలు ఒళ్ళు మండేది చవక మోటారు కిట్లలో వచ్చే గొట్టం చూస్తే. పెట్రోల్లో మునిగుండే గొట్టం ఎస్ఏఈ 30ఆర్10 (పెట్రోల్లో మునిగున్నా తట్టుకునే గొట్టాల ప్రమాణం) రకమే అయ్యుండాలి. మామూలుది బయటి నుంచీ పెట్రోలు పీల్చి, ఉబ్బి, క్లిప్పు దగ్గర పగులుతుంది. ప్రెషరంతా ట్యాంకులోకే పోతుంది. బండి మళ్ళీ మొరాయిస్తుంది, నింద కొత్త మోటారు మీద! జానెడు గొట్టం సరైనది ఇస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?