దారంతా ఖాళీయే బావా!

చలికాలంలో ఒక శనివారం పొద్దున్న కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నుంచి పక్క రాష్ట్రం నెవాడాలోని రీనోకి బండి కట్టాలనుకున్న ఇంట్లో అందరికంటే ముందు లేచేది ల్యాప్‌టాప్. దూరం పెద్దదేం కాదు, ఐ-80 హైవే మీద సుమారు 135 మైళ్ళు. ఎండ కాస్తే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. చిక్కల్లా మధ్యలో ఉన్న సియెర్రా నెవాడా కొండలతోనే. సముద్రమట్టానికి ముప్పై అడుగుల ఎత్తున ఉన్న ఊళ్ళో ఎక్కిన బండి, 7,200 అడుగులు దాటిన డానర్ సమ్మిట్ మీదుగా అవతలికి దిగాలి. కింద చొక్కాతో తిరగొచ్చు. పైన మాత్రం ఆ చొక్కా మీద ఇంకో నాలుగు వేసుకున్నా పళ్ళు టకటకలాడతాయి.

అందుకే ఇంటాయన కెమెరాలు చూస్తాడు. కాలిఫోర్నియా రవాణాశాఖ క్యాల్‌ట్రాన్స్ వారి క్విక్‌మ్యాప్ తెరిస్తే రాష్ట్రమంతా పటంలా పరుచుకుంటుంది. మెనూలో కెమెరాలు, మంచులో జారకుండా టైర్లకు చుట్టే చెయిన్ల నిబంధనలు, లేన్ల మూసివేతలు, హైవే పోలీసుల ప్రమాద సమాచారం, రోడ్డు పక్క ఎలక్ట్రానిక్ బోర్డుల మీది రాతలు, దేనికదే విడిగా టిక్కు పెట్టుకోవాలి. ఇంటాయన కెమెరాలకొక్కటే టిక్కు పెడతాడు. మిగతావి చదవాలి కదా, ఇదైతే చూస్తే చాలు! బొమ్మ అబద్ధమాడదని ఆయన నమ్మకం. నిజమే, బొమ్మ అబద్ధమాడదు. కాకపోతే అది ఎక్కడిది, ఎప్పటిది, ఎటు చూస్తున్నది అన్న మూడు ముక్కలూ అడిగితే తప్ప చెప్పదు.

ఎక్కడిది అన్న దగ్గరే మొదటి బోల్తా. ఒక కెమెరా వివరాల్లో ‘నెవాడా’ అని కనిపించగానే ఇంటాయన, “అదిగో, రాష్ట్రం దాటేశాం, అక్కడ రోడ్డు బ్రహ్మాండంగా ఉంది” అని ప్రకటించాడు. అది నెవాడా రాష్ట్రం కాదు, కాలిఫోర్నియాలోనే ఉన్న నెవాడా కౌంటీ. ట్రకీ ఊరుండేది అందులోనే. సరిహద్దు ఇంకా ముందుంది. పైగా ఐ-80 కొండల్లో ప్లాసర్ కౌంటీలోకీ నెవాడా కౌంటీలోకీ పుట్టింటికీ అత్తింటికీ తిరిగినట్టు తిరుగుతుంది. కాలిఫోర్నియాలో పోస్ట్‌మైలు అంకెలు, అంటే మన మైలురాళ్ళ లాంటివి, కౌంటీ మారితే మళ్ళీ మొదట్నుంచి లెక్క. కాబట్టి అంకె ఒక్కటే చూసి ఏది ముందో ఏది వెనకో తేల్చబోతే పెసరగింజంత మేఘం కూడా లేకుండానే దారి తప్పొచ్చు. ఊళ్ళ పేర్లు వరసగా కాగితం మీద రాసుకోవడమే సుఖం: ఆబర్న్, కోల్‌ఫాక్స్, బ్లూ కాన్యన్, నయాక్, కింగ్‌వేల్, సోడా స్ప్రింగ్స్, డానర్ సమ్మిట్, ట్రకీ. అసలైన సరిహద్దు దాటాక కెమెరాలు నెవాడా రాష్ట్రం వారివి, వాటి పటం వేరు, దాన్ని ఇంకో ట్యాబులో తెరవాలి.

ఇక ‘ఎప్పటిది’. ఇది అసలు రోగం. ప్రత్యక్ష ప్రసారం అని పేరే గానీ అన్ని కెమెరాలూ కదిలే వీడియో ఇవ్వవు. చాలావాటికి కొన్ని నిమిషాలకొకసారి మారే ఫొటోయే దిక్కు. కొండల్లో లైను పోయిందంటే ఆఖరున అందిన ఫొటోయే గోడ మీద తాతగారి ఫొటోలా అలా ఉండిపోతుంది. అది కాక మన బ్రౌజరు కూడా పాత బొమ్మను దాచుకుని కొత్తదే అన్నట్టు వడ్డిస్తుంది.

ఇంటాయన కింగ్‌వేల్ దగ్గర ఒక ఎర్ర ట్రక్కును చూశాడు. పది నిమిషాల తర్వాత చూశాడు, అక్కడే ఉంది. అరగంటకు చూశాడు, అక్కడే.

“పాపం, ట్రక్కువాడు ఇరుక్కుపోయాడు” అని జాలిపడ్డాడు.

ఆ ఎండాకాలమంతా కూతురింట్లోనే ఉండి చలికాలం కూడా చూసిపోదామని ఆగిపోయిన అత్తగారు, అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు లేక కూతురి వైపు తిరిగి అన్నారు. “అమ్మాయీ, ట్రక్కు ఆగిందంటే సరే. దాని వెనకొచ్చే తెల్లకారు కూడా అరగంట నుంచీ ట్రక్కు తోకకు అంగుళం దూరంలోనే ఉంది. అదీ ఆగిందా? ఆ పక్కన ఎగురుతున్న కాకి కూడా ఆగిందా? మీ ఆయన్ని కాస్త కనుక్కోమను.”

గాల్లో ఆగిపోయిన కాకి ఇంతవరకూ ఏ హైవే మీదా నమోదు కాలేదు. ఇంటావిడ ఫొటో మూల గోరంత అక్షరాల్లో ఉన్న తేదీ, సమయం చూసింది. “ఏవండీ, ఇది నిన్న సాయంత్రం నాలుగింటిది!”

కాబట్టి బొమ్మ తెరవగానే కంటికి మొదట ఆనాల్సింది రోడ్డు కాదు, ఆ గోరంత సమయం. అది కనబడకపోతే ఉపాయముంది. పేజీని రీలోడ్ చేసి, ఐదారు నిమిషాలాగి మళ్ళీ చేయాలి. బళ్ళు మారితే బొమ్మ బతికున్నట్టు. నీడల్ని చూసినా తెలుస్తుంది. పొద్దున్న తొమ్మిదింటికి సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు గనక నీడలు వాయవ్యానికి పడాలి. నీడ ఈశాన్యానికి సాగి ఉంటే అది నిన్న మధ్యాహ్నపు సూర్యుడి చలవే. ఇంటాయన ఈ పాఠం ఎంత బాగా వంటబట్టించుకున్నాడంటే, పక్క కెమెరాలో నిజంగానే మంచులో ఇరుక్కుని గంట నుంచీ కదలని ఇంకో ట్రక్కును చూసి “ఇదీ పాత ఫొటోయేలే” అని కొట్టిపారేశాడు. బొమ్మ కింద నిమిషాలు మారుతూనే ఉన్నాయి. ట్రక్కు టాపు మీద మంచు దిండులా పెరుగుతూనే ఉంది.

‘ఎటు చూస్తున్నది’ అన్నదానికి ఒక చిన్న సూత్రముంది. అమెరికాలో బళ్ళు కుడిపక్కన నడుస్తాయి కాబట్టి కెమెరా ఎటు తిరిగున్నా, మననుంచి దూరంగా పోయేవి బొమ్మలో కుడివైపున, మనమీదికొచ్చేవి ఎడమవైపున ఉంటాయి. రాత్రయితే మరీ సులువు: పోయేవాటికి ఎర్రలైట్లు, వచ్చేవాటికి తెల్లలైట్లు. కెమెరా తూర్పుకు తిరిగుంటే రీనో వెళ్ళేవాళ్ళు చూసుకోవాల్సింది ఎర్రలైట్లను. పడమటికి తిరిగుంటే తెల్లలైట్లను. ఇందులో తిరకాసు ఏమిటంటే చాలా కెమెరాలు తిరిగే రకం. కంట్రోల్ రూములో ఉద్యోగి ఏదో ప్రమాదం చూడ్డానికి దాన్ని అటు తిప్పి, తర్వాత ఇంకో పనిలో పడి అలాగే వదిలేసి ఉండొచ్చు. నిన్న తూర్పు చూసిన కెమెరా ఇవాళ పడమర చూస్తుంది. ఇంటాయన నిన్నటి లెక్కతోనే కుడివైపు లేన్లు చూసి మురిసిపోయాడు. అవి కొండ దిగి శాక్రమెంటో వచ్చేవాళ్ళవి. మనవైపు లేన్లు ఎడమపక్కన మంచుకింద నిద్రపోతున్నాయి.

కెమెరా అద్దం సంగతి చెప్పుకోవాలంటే అదో కావ్యం. మంచు పేరుకుంటే బొమ్మంతా తెల్లగా ఉంటుంది. పొగమంచు పట్టినా తెల్లగానే. పొద్దు పొడవగానే సూర్యుడు నేరుగా కొట్టినా తెల్లగానే. ఈ మూడు తెలుపులకూ తేడా తెలియనివాడు మూడింటినీ ‘వెలుతురు బాగుంది’ అంటాడు. రాత్రివేళ కెమెరా చుట్టూ పురుగులు మూగితే, వాటికోసం సాలెపురుగు గూడు కడుతుంది. దాని కాలు అద్దానికి అడ్డంగా వస్తే హైవే మీద ఏదో మహామృగం నడిచినట్టుంటుంది. దానికి చెయిన్లు అక్కర్లేదు, ఎనిమిది కాళ్ళు.

రోడ్డు స్థితి చదవడం మాత్రం కాస్త అభ్యాసంతో వచ్చే విద్యే. లేన్ల గీతలు కోసినట్టు కనబడుతూ, బళ్ళ వెనక తుంపర్లు లేకపోతే పొడిరోడ్డు. మెరుస్తూ, ట్రక్కుల వెనక తుంపర మేఘంలా లేస్తుంటే తడిరోడ్డు. రెండు నల్లచారలు, వాటి మధ్య బూడిదరంగు బురదలాంటిది ఉంటే కరుగుతున్న మంచు. గీతలే మాయమై ఎవరి లేను వారే కనిపెట్టుకుంటుంటే అణిగి గట్టిపడ్డ మంచు. అన్నిట్లోకీ దొంగ నల్లమంచు, అంటే కింది రోడ్డు రంగే కనబడే పల్చటి మంచుపొర. తడిరోడ్డులాగే మెరుస్తుంది, కానీ బళ్ళ వెనక తుంపర లేవదు. మెరుపుంది, తుంపర లేదు అంటే కాలు బ్రేకు మీద కాదు, ఇంట్లో గడప లోపల ఉండాలి. వంతెనలైతే పైనుంచీ కిందనుంచీ చల్లగాలి తగిలి మిగతా రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి.

ఇక్కడే ఉష్ణోగ్రత గొడవ కూడా వచ్చింది. వాతావరణ కేంద్రం అంకె ‘30’ అని చూసి అత్తగారు, “అమ్మాయీ, ముప్పై డిగ్రీలట, స్వెట్టర్లెందుకే ఉక్కపోతకి?” అన్నారు. అది ఫారెన్‌హీటు. నీళ్ళు గడ్డకట్టేది 32 దగ్గర. 30 అంటే మన సెల్సియస్‌లో సున్నాకు ఒక డిగ్రీ కింద. పైగా అది గాలి వేడి. రోడ్డులో పాతిన సెన్సర్లు చెప్పే రోడ్డు ఉపరితలపు వేడి వేరు, నమ్మాల్సింది దాన్నే. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే గాలి 34 ఉన్నా రోడ్డు 32కి దిగిపోవచ్చు.

చెయిన్ల టిక్కు కూడా పెట్టమని ఇంటావిడ పట్టుబట్టడంతో ఆర్-2 అని తేలింది. ఆర్-1 అయితే చెయిన్లో, మంచు టైర్లో ఉండాలి. ఆర్-2లో నాలుగింటికీ మంచు టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళకు తప్ప మిగతా అందరికీ చెయిన్లు తప్పవు. ఆర్-3లో ఎవరికీ మినహాయింపు లేదు. “మనదీ నాలుగు చక్రాలే కదా” అన్నాడు ఇంటాయన. ఫోర్ వీల్ డ్రైవంటే నాలుగు చక్రాలు ఉండడం కాదు, ఇంజను నాలుగింటినీ తిప్పడం. ఆయన బండిలో ముందు రెండే తిరుగుతాయి, వెనకవి రెండూ సాయంగా వస్తాయి. చెయిన్లు డిక్కీలో ఉన్నాయి, డబ్బా విప్పలేదు. డబ్బా మీది సైజూ టైరు పక్క రాసిన సైజూ ఒకటేనా అని చూసుకోవాల్సింది ఇంటిముందర, వణికే వేళ్ళతో కొండ మీద కాదు. చెయిన్లు వేశాక వేగం 25, మహా అయితే 30 మైళ్ళు.

ఇంత జరిగాక తొమ్మిదిన్నరకు ఇంటాయన ఆఖరిసారి డానర్ సమ్మిట్ కెమెరా తెరిచాడు. ఈసారి పొరపాటేమీ లేదు. సమయం సరిగ్గా ఉంది, రెండు నిమిషాల కిందటిదే. దిక్కు సరిగ్గా ఉంది. అద్దం శుభ్రంగా ఉంది. తూర్పుకెళ్ళే లేన్లలో ఒక్కటంటే ఒక్క బండి లేదు.

“చూశావా! నరమానవుడు లేడు. మనమే మొదట!”

రీనోలో ఉన్న బావమరిది కూడా ఫోన్లో తన కెమెరా తెరిచి వంత పాడాడు. “అవును బావా, ఖాళీయే, వచ్చెయ్యండి.”

శనివారం పొద్దున్న, మంచు కురిసిన మర్నాడు, స్కీయింగుకు ఊళ్ళకు ఊళ్ళే కదిలే దారి మీద ఒక్క బండీ లేదంటే, అది అదృష్టం కాదు, కింద ఎక్కడో గేటు వేశారని అర్థం. పైన ట్రక్కు అడ్డం తిరిగితేనో, మంచు తుఫానుకు కళ్ళెదుటిది కనబడకపోతేనో తూర్పుకెళ్ళే బళ్ళను కోల్‌ఫాక్స్ లాంటి చోట ఆపేసి వెనక్కి తిప్పుతారు. దాంతో పై కెమెరాల్లో రోడ్డు కడిగిన పళ్ళెంలా మెరుస్తుంది. అవతలి లేన్లలో బళ్ళు తిరుగుతూ మన లేన్లు మాత్రమే ఖాళీ అయితే అనుమానం మరీ గట్టిది. వెంటనే కిందకి వచ్చి కోల్‌ఫాక్స్, ఆబర్న్ కెమెరాలు చూడాలి. అక్కడ ఎర్రలైట్ల బారు కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. మూసివేతల టిక్కు పెట్టినా, క్యాల్‌ట్రాన్స్ వారి 1-800-427-7623కి ఫోన్ చేసి 80 అని చెప్పినా అదే మాట వినిపిస్తుంది. ఇంటాయన చూసింది శిఖరం ఒక్కటే. మొదలు చూడలేదు.

పదకొండింటికి కోల్‌ఫాక్స్‌లో, 2,400 అడుగుల ఎత్తున, ఎర్రలైట్ల బారులో బండి ఆగింది. ముందొక ఎర్ర ట్రక్కు. దాని వెనక అంగుళం దూరంలో వీళ్ళ తెల్లకారు.

ఫోను మోగింది. ఇంటావిడ స్పీకరులో పెట్టింది.

“అక్కా, ఎక్కడిదాకా వచ్చారు? నేనిప్పుడే మళ్ళీ చూశాను, పైన దారంతా ఖాళీ. ఆ కింద కోల్‌ఫాక్స్ కెమెరా ఒక్కటే పాడైనట్టుంది. గంట నుంచీ అదే ట్రక్కు, దాని వెనక అదే కారు చూపిస్తోంది.”

వెనక సీట్లోంచి అత్తగారు కిటికీ అద్దం దించి, స్తంభం మీదున్న కెమెరా వైపు చెయ్యి ఊపడం మొదలుపెట్టారు.