స్కీలు కొనబోయే విశాఖ వాసులకు ఒక ముఖ్య గమనిక

స్కీలంటే మంచు మీద జారడానికి కాళ్లకి కట్టుకునే పొడవాటి పలకలు. వైజాగ్‌లో మంచు పడదు అన్నది చిన్న టెక్నికల్ ఇబ్బంది అంతే, దాని కోసం మంచి డిస్కషన్ ఆపుకుంటామా. లంబసింగి ఉంది కదా అంటారా, అక్కడ జనవరిలో గడ్డి మీద కనబడే తెల్ల పొరకి స్కీ అగ్గిపుల్లంత ఉంటే చాలు.

మా బావ మాత్రం చాలా సీరియస్. రోజూ సాయంత్రం స్కీకి శాండ్‌విచ్ కట్టుబడా, క్యాప్ కట్టుబడా అని ఒకటే గొడవ. మధ్యలో చెక్క, దానికి పైనా కిందా ఫైబర్‌గ్లాసు, పక్కన గోడలు పెట్టి అతికిస్తే శాండ్‌విచ్, పై పొరనే అంచుల దాకా దుప్పటిలా కప్పేస్తే క్యాప్, తేలికే గానీ దెబ్బ తింటే రిపేరు కష్టం. ఖరీదువాటిలో టైటనాల్ రేకు కూడా వేస్తారు, పేరు విని టైటానియం అనుకుని పొంగిపోకండి, అది అల్యూమినియం మిశ్రమం, అంటే మన అన్నం గిన్నెకి దూరపు చుట్టం.

బ్రాండ్ల దగ్గరకొస్తే ఇంకా మజా. అటామిక్ గొప్పా సాలమన్ గొప్పా అని కొట్టుకునేవాళ్లకి చిన్న మాట, రెండూ అమెర్ స్పోర్ట్స్ అనే ఒకే కంపెనీవే. నోర్డికా ఇటలీ పేరు, స్కీలు చేసేది ఆస్ట్రియాలో మిటర్సిల్ ఊళ్లో, బ్లిజార్డ్ ఫ్యాక్టరీలో. కే2 అమెరికాలో 1962లో పుట్టి తర్వాత తయారీ చైనాకి పట్టుకుపోయింది. ఇంటిపేర్లు వేరు, వంటిల్లు ఒకటే, అయినా మావాడి కోడలు బంగారం అని వాదన.

ఇంతకీ నేను చేసిన శాస్త్రీయ పరీక్ష చెప్తాను. బావ కొడుకు అమెరికా నుంచి సెకండ్ హ్యాండ్ జత ఒకటి మోసుకొచ్చాడు (బ్రాండ్ చెప్పను, పాపం దాని తప్పేం లేదు), బావ దాన్ని బీచ్‌రోడ్ ఫ్లాట్ బాల్కనీలో పాత లుంగీ చుట్టి నిలబెట్టాడు. ఆషాఢంలో పెట్టింది కార్తీకమాసానికి విప్పి చూస్తే స్టీలు అంచులు నాలుగూ ఇటుకరంగు. ఆల్ప్స్‌లో రాళ్లకి తట్టుకునే సరుకు అది, మన ఉప్పుగాలి మాత్రం కిటికీ గ్రిల్‌నీ దాన్నీ ఒకేలా చూసింది, రెకమండేషన్లు పనిచేయలేదు. స్టీలు ప్లాంటున్న ఊరికొచ్చి స్టీలుకి ఈ గతి ఏటి బావా అంటే, "ఒరే, స్విస్ బ్రాండ్ స్టోక్లీ అయితేనా!" అన్నాడు. అదీ స్టీలు అంచే బాబూ అని చెప్పబోయి ఊరుకున్నాను, అక్క ఇంట్లో భోజనం ఇంకా అవలేదు.

అడుగుభాగం మాత్రం చెక్కు చెదరలేదు. సింటర్డ్ బేస్ అట, పాలిథిలిన్ పొడిని వేడి చేసి నొక్కి చేస్తారు, కరిగించి పోసే రకం కన్నా గట్టిది, జారడానికి రాసే మైనం బాగా పీలుస్తుంది. ఆ జత ఇప్పుడు డాబా మీద వెల్లకిలా ఉంది. గుమ్మడి వడియాలు గీకకుండానే ఊడొచ్చేస్తున్నాయి, ఇంకో జత తెమ్మనమని అక్క మేనేజర్ లెవెల్లో ఆర్డరేసింది.