పాఠం మారుతూ ఉంటే పరిశోధనకు ప్రణాళిక ఎలా?

డిజైన్ ఆధారిత పరిశోధన అంటే పాఠాన్నో బోధన సామగ్రినో తయారు చేసి, తరగతిలో వాడుతూ, మారుస్తూ, పిల్లలు ఎలా నేర్చుకుంటారో అధ్యయనం చేసే పద్ధతి. అది చేస్తానని వచ్చే పీహెచ్‌డీ విద్యార్థి సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రతిపాదనలో, సాధారణంగా ఒక వస్తువు ఉంటుంది. అది ఒక యాప్ కావచ్చు, వర్క్‌బుక్ కావచ్చు, గ్రూపులుగా కూర్చోబెట్టి చెప్పే పాఠాల వరుస కావచ్చు. దాన్ని తయారు చేస్తాను, తరగతిలో వాడి చూస్తాను, ముందొక పరీక్ష తర్వాతొక పరీక్ష పెట్టి మార్కులు పోలుస్తాను, లోపాలుంటే సరిచేసి మళ్లీ వాడతాను అని రాస్తారు. ఇందులో డిజైన్ ఉంది, మళ్లీ మళ్లీ చేయడమూ ఉంది. పరిశోధన ఎక్కడుందో మాత్రం వెతుక్కోవాలి. ఆ వస్తువు పనిచేస్తే ఎందుకు పనిచేసిందో, చేయకపోతే ఎక్కడ ఆగిపోయిందో చెప్పే ఏర్పాటు ఆ ప్రణాళికలో కనిపించదు.

ఇది విద్యార్థుల తప్పు అనను. ఈ పద్ధతిని నేర్పే తీరులోనే పెద్ద లోటు ఉంది. విశ్లేషణ, రూపకల్పన, అమలు, సమీక్ష అంటూ గుండ్రంగా బాణాలు గీసిన బొమ్మ చూపించి, ఇలా తిరుగుతూ ఉండాలని చెప్పి వదిలేస్తున్నాం. ఏం తెలుసుకోవాలని తిరుగుతున్నామో, ఏం కనిపిస్తే మన ఆలోచన తప్పని ఒప్పుకుంటామో తరగతిలో అడుగుపెట్టక ముందే కాగితం మీద పెట్టడం నేర్పాలి. అదే కష్టమైన భాగం. దానికి సాధన కావాలి. ఆ సాధనకే మన శిక్షణలో చోటు దొరకడం లేదు.

పద్ధతి పుట్టిన సందర్భం చూస్తే ఈ కష్టం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆన్ బ్రౌన్ మొదట ప్రయోగశాలలో పిల్లల జ్ఞాపకశక్తి మీద పనిచేశారు. 1984లో ఆనెమరీ పాలిన్‌సార్‌తో కలిసి ‘రెసిప్రొకల్ టీచింగ్’ అధ్యయనాలు ప్రచురించారు. చదివింది అర్థం చేసుకోవడంలో వెనకబడిన పిల్లలు ఇందులో వంతులవారీగా టీచర్ పాత్ర తీసుకుంటారు. సారం చెప్తారు, ప్రశ్న వేస్తారు, అర్థం కాని చోటు తేల్చుకుంటారు, తర్వాత ఏం వస్తుందో ఊహిస్తారు. ఇలాంటి పని తరగతి గదుల్లోకి విస్తరించినకొద్దీ ఎదురైన చిక్కులను ఆమె 1992లో ఒక వ్యాసంలో విడమరిచి చెప్పారు. ప్రయోగశాలలో ఒక అంశాన్ని మార్చి మిగతావి కదలకుండా ఉంచొచ్చు. తరగతిలో అది కుదరదు. టీచర్ పాత్ర మారితే పిల్లల మాట తీరు మారుతుంది, అది మారితే పాఠ్యాంశం సరిపోదు, పాఠ్యాంశం మారితే పాత పరీక్ష పనికిరాదు. అందుకే తరగతిని మారుస్తూనే ఆ మార్పు ఎలా పనిచేస్తుందో అధ్యయనం చేసే ‘డిజైన్ ప్రయోగాలు’ కావాలన్నారు. ఆ కాలంలోనే మరో పరిశోధకుడు అలన్ కాలిన్స్, విమానాల రూపకల్పనకు ఏరోనాటిక్స్ ఉన్నట్టే విద్యకూ ఒక డిజైన్ శాస్త్రం ఉండాలని వాదించారు.

2003లో ‘ఎడ్యుకేషనల్ రీసెర్చర్’ పత్రిక ఒక సంచికను ఈ విషయానికి కేటాయించాక ‘డిజైన్ ఆధారిత పరిశోధన’ అన్న పేరు బాగా వ్యాపించింది. అప్పటికి అమెరికాలో యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగాలకే పెద్దపీట వేయాలన్న ఒత్తిడి గట్టిగా ఉంది. దాంతో కొత్త పద్ధతి మీద విమర్శలూ వెంటనే వచ్చాయి. వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది 2004లో విద్యా పరిశోధకుడు ఆంథనీ కెల్లీ అడిగిన ప్రశ్న. ఈ పద్ధతికి వాదనా వ్యాకరణం, అంటే ఆధారం నుంచి నిర్ణయానికి ఎలా రావాలో చెప్పే తర్కం, ఏది అని ఆయన నిలదీశారు.

నియంత్రిత ప్రయోగానికి ఆ వ్యాకరణం ఉంది. పిల్లల్ని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు కొత్త పద్ధతి, ఇంకో గుంపుకు పాతది. చివర్లో కనిపించిన తేడా కాకతాళీయం అనుకోలేనంత ఉంటే అది కొత్త పద్ధతి వల్లే వచ్చిందని చెప్తారు. విషయం గణితమైనా చరిత్ర అయినా ఈ తర్కం మారదు. డిజైన్ ఆధారిత పరిశోధనలో అలా అరువు తెచ్చుకోగలిగిన తర్కం సిద్ధంగా లేదు. పాఠం మధ్యలో మారింది, టీచర్ నేర్చుకుంటూ మెరుగయ్యారు, పరిశోధకుడు రోజూ అక్కడే ఉన్నాడు. మరి దేని వల్ల ఏం జరిగిందని దేని బలంతో చెప్పాలి?

దీనికి వచ్చిన జవాబుల్లో కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది విద్యా పరిశోధకుడు విలియం శాండోవాల్ 2014లో వివరించిన కంజెక్చర్ మ్యాప్. అంచనాల పటం అనుకోవచ్చు. పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న పెద్ద అంచనాతో అది మొదలవుతుంది. ఆ అంచనా డిజైన్‌లో ఏ రూపం తీసుకుందో తర్వాత రాస్తారు. సామగ్రి ఏమిటి, పిల్లలకిచ్చే పని ఏమిటి, ఎవరి పాత్ర ఏమిటి, మాట్లాడుకునే తీరు ఏమిటి అన్నవి ఇందులోకి వస్తాయి. దాని వల్ల తరగతిలో కంటికి కనిపించేలా ఏం జరగాలి అన్నది మధ్య గడి. చివరి గడిలో ఫలితాలు. డిజైన్ నుంచి మధ్య గడికి వెళ్లే బాణాలు ఒక రకం అంచనాలు, అక్కడి నుంచి ఫలితానికి వెళ్లేవి ఇంకో రకం. మొదటివి డిజైన్‌కు సంబంధించినవి, రెండోవి నేర్చుకోవడం గురించిన సిద్ధాంతానికి సంబంధించినవి.

చూడ్డానికి ఇది మామూలు ఫ్లోచార్ట్‌లా ఉంటుంది. దాని బలం ఒక ఉదాహరణ మీద పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

భిన్నాలు తీసుకుందాం. మూడింట ఒక వంతు పెద్దదా, నాలుగింట ఒక వంతు పెద్దదా అని అడిగితే చాలామంది పిల్లలు నాలుగింట ఒక వంతే పెద్దదంటారు. మూడు కంటే నాలుగు పెద్దది కదా అన్నది వాళ్ల లెక్క. పూర్ణసంఖ్యల అలవాటును భిన్నాలకు కూడా వర్తింపజేయడం గణిత విద్యా పరిశోధనలో బాగా తెలిసిన విషయం. ఒక పరిశోధకురాలు దీనికి ఒక పాఠం తయారు చేసిందనుకుందాం. ఇద్దరిద్దరు పిల్లలకు ఒకే పొడవున్న కాగితపు పట్టీలు ఇస్తుంది. మడవక ముందే మడత ఎక్కడ పడుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. తర్వాత మడిచి, గుర్తుకూ మడతకూ తేడా ఎందుకొచ్చిందో పక్కవాళ్లకు చెప్పాలి. ఇలా కారణాలు చెప్పుకుంటే హారం పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుందన్న సంగతి పట్టుబడుతుందని, ఆ తర్వాత పట్టీలు లేకుండానే భిన్నాలను పోల్చగలుగుతారని ఆమె అంచనా.

మొదటి విడత అయింది. పరీక్షలో పెద్ద మార్పు లేదు. మార్కులు మాత్రమే చూసే ప్రణాళిక ఇక్కడితో ఆగిపోతుంది. ‘ఫలితం ఆశించినంత లేదు, సామగ్రిని మెరుగుపరిచాం’ అని రాసి రెండో విడతకు వెళ్తుంది. పటం గీసుకున్న పరిశోధకురాలికి మాత్రం అడగాల్సిన మొదటి ప్రశ్న ముందే తెలుసు. పిల్లలు కారణాలు చెప్పుకున్నారా? వీడియో చూస్తే సంగతి బయటపడుతుంది. పట్టీని నాలుగు భాగాలు చేయడం తేలిక, సగానికి మడిచి మళ్లీ సగానికి మడిస్తే చాలు. మూడు సమభాగాలు అలా రావు. పిల్లల సమయమంతా మడత సమంగా పడేలా చేయడానికే పోయింది. ముక్కల పరిమాణం గురించి మాటలే నడవలేదు. అంటే తెగింది మొదటి బాణం. కారణాలు చెప్పుకుంటే భిన్నాలు అర్థమవుతాయన్న అంచనాకు ఇంకా పరీక్షే జరగలేదు. దాన్ని తప్పనడానికీ లేదు, ఒప్పనడానికీ లేదు.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. రెండో విడతలో గీతలు కొట్టి ఉన్న పట్టీలు ఇవ్వాలా? ఇస్తే మడవడం సులువవుతుంది, మాటలకు టైమ్ దొరుకుతుంది. కానీ సమంగా విభజించడానికి పడే తిప్పలే భిన్నం అర్థం కావడానికి మూలమని ఆమె పెద్ద అంచనా అయి ఉంటే, గీతలు కొట్టిన పట్టీ ఆ అంచనానే పక్కకు తోసేస్తుంది. పోల్చి వాదించుకోవడమే ముఖ్యమన్నది ఆమె అంచనా అయితే గీతలు హాయిగా ఇవ్వొచ్చు. ఒకే కాగితపు పట్టీ, ఒకే ఇబ్బంది, కానీ చేయాల్సిన మార్పు వేరు. ఏ మార్పు సరైనదో సామగ్రిని ఎంతసేపు చూసినా తెలియదు. ముందు రాసుకున్న అంచనాను చూస్తేనే తెలుస్తుంది. అది రాసి లేకపోతే టీచర్‌కు ఏది సులువో, పరిశోధకురాలికి ఏది తోచిందో అదే రెండో విడత అవుతుంది. అలా మూడు విడతలు చేసినా చివరికి ఆమె దగ్గర ఉండేది కాస్త నునుపు తేలిన పాఠం మాత్రమే.

ఇదే పిల్లలు చక్కగా కారణాలు చెప్పుకుని కూడా పట్టీ తీసేయగానే పాత లెక్కకే వెళ్లిపోయారనుకోండి. అప్పుడు తెగింది రెండో బాణం. పాఠంగా చూస్తే అది వైఫల్యమే కానీ, పరిశోధనగా చూస్తే అదే పెద్ద ఫలితం. పిల్లలు ఎలా నేర్చుకుంటారన్న నమ్మకంలో ఎక్కడో దిద్దుబాటు కావాలని అది చెప్తోంది. థీసిస్‌లో ఒక అధ్యాయమంతా దీని మీద రాయదగ్గ విషయం. మన దగ్గర దాన్ని ‘పరిమితులు’ అనే చివరి పేరాలోకి నెట్టేస్తారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

డేటా విషయంలోనూ ఇదే లోటు ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఎటు తిరుగుతుందో తెలియని పరిశోధన కాబట్టి అన్నీ సేకరించుకుందామనే ఆశ కలుగుతుంది. ప్రతి పీరియడ్ వీడియో, ప్రతి నోట్‌బుక్ ఫొటో, టీచర్‌తో ప్రతి మాటా రికార్డు చేస్తారు. ఏడాది తర్వాత ఆ గుట్ట ముందు కూర్చుంటే మొదలయ్యే టెన్షన్ చాలామంది పరిశోధకులకు తెలిసిందే. టెన్షన్ కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. అంత గుట్టలో మన వాదనకు సరిపోయే ఒక అందమైన సంభాషణ ఎప్పుడూ దొరుకుతుంది. దాన్నే ఎత్తి చూపిస్తే చదివేవాళ్లకు తరగతి అంతా అలాగే నడిచిందనిపిస్తుంది. అందుకని పటంలో ఉన్న ప్రతి బాణం పక్కనా రెండు మాటలు రాసుకోవాలి. ఇది నిజమైతే ఏం కనిపించాలి, తప్పైతే ఏం కనిపిస్తుంది అని. పై ఉదాహరణలో ఏ జంట ఎన్నిసార్లు ముక్క సైజు గురించి కారణం చెప్పింది, ఎన్నిసార్లు టీచర్ వైపు చూసి ఊరుకుంది అన్నది అన్ని జంటల్లోనూ చూడాలి, బాగా మాట్లాడిన జంటలో మాత్రమే చూస్తే సరిపోదు.

దీనికి తోడుగా మార్పుల పుస్తకం ఒకటి ఉండాలి. ఏ రోజు ఏం మార్చాం, ఏం చూసి మార్చాం, మార్చకముందు ఏమనుకున్నాం అని ఆ రోజే రాయాలి. నెలల తర్వాత జ్ఞాపకంతో రాస్తే ప్రతి నిర్ణయమూ తెలిసి తీసుకున్నట్టే అనిపిస్తుంది. పాల్ కాబ్, కోనో గ్రావమైయర్ వంటి గణిత విద్యా పరిశోధకులు తరగతి నడుస్తుండగా రోజూ చేసే విశ్లేషణనూ, అంతా ముగిశాక మొత్తం డేటాను మొదటి నుంచి చూసుకుంటూ వచ్చే విశ్లేషణనూ వేరు చేసి చెప్పారు. రెండోది నమ్మదగ్గదిగా ఉండాలంటే మొదటిదాని రాతలు ఉండాలి.

పరిశోధకుడే డిజైనర్, చాలాసార్లు టీచర్ కూడా ఆయనే. మరి ఫలితాన్ని నిష్పాక్షికంగా ఎలా చూస్తాడన్న సందేహం న్యాయమైనదే. దాన్ని 2004లో శాషా బారబ్, కర్ట్ స్క్వైర్ అనే పరిశోధకులు కూడా ఎత్తి చూపారు. దూరంగా నిలబడితే ఇది తీరదు, ఎందుకంటే ఈ పద్ధతి నడిచేదే దగ్గరితనం మీద. నిర్ణయాల దారిని బయటివాళ్లు తిరిగి నడిచి చూడగలిగేలా తెరిచి పెట్టడం ఒక్కటే మార్గం. పాఠశాల టీచర్‌ను అమలు చేసే మనిషిగా కాకుండా అంచనాలు రాసే దశలోనే కలుపుకోవడం కూడా అవసరం. పాఠం ఎందుకలా ఉందో తెలియని టీచర్ తనకు వీలైనట్టు మార్చుకుంటారు, ఒక్కోసారి దాని ప్రాణమే పోతుంది. బ్రౌన్, ఆమె సహచరుడు జోసెఫ్ కాంపియోన్ ఇలాంటి వాటిని ప్రాణాంతక మార్పులు అన్నారు.

ఒక పీహెచ్‌డీ కాలంలో ఇదంతా అయ్యేపనేనా? అవుతుందనే నేను నమ్ముతాను, ప్రశ్న చిన్నదైతే. జాన్ హెరింగ్టన్, సుసాన్ మెకెన్నీ, థామస్ రీవ్స్, రాన్ ఆలివర్ 2007లోనే డాక్టరల్ విద్యార్థులు ఈ పద్ధతిలో ప్రతిపాదన ఎలా రాయాలో మార్గదర్శకాలు ఇచ్చారు. ఒక సంవత్సరపు సిలబస్ మొత్తాన్ని మార్చబోకుండా, భిన్నాల పోలికలాంటి ఒక్క ఇరుకైన చోటును పట్టుకుని, చిన్న చిన్న విడతల్లో ఒకటి రెండు బాణాలను గట్టిగా పరీక్షిస్తే చాలు. చివరికి చెప్పే మాట కూడా దానికి తగ్గట్టే ఉండాలి. విద్యా పరిశోధకుడు యాన్ వాన్ డెన్ ఆకర్ ఇచ్చిన వాక్యపు అచ్చు ఇక్కడ సాయపడుతుంది. ఫలానా పరిస్థితిలో, ఫలానా ఉద్దేశంతో, ఇలాంటిది తయారు చేయాలనుకుంటే, దానికి ఈ లక్షణాలు ఉండేలా చూడండి, ఈ పద్ధతిలో చేయండి, కారణాలు ఇవీ. ‘ఈ యాప్ ప్రభావవంతంగా ఉంది’ అన్న వాక్యం ఇంకో టీచర్‌కు ఏమీ ఇవ్వదు. ఆకర్ అచ్చులో రాసిన వాక్యం ఇస్తుంది.

శిక్షణలో మార్పు పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. పద్ధతుల కోర్సులో నిర్వచనాలు కాస్త తగ్గించి, ఎవరో ఒకరు అనుమతితో ఇచ్చిన, సరిగా నడవని పాఠం వీడియో చూపించాలి. ఏ బాణం తెగిందో విద్యార్థులతో వాదింపజేయాలి. ఇప్పటికే వాడుకలో ఉన్న పాఠాన్ని తీసుకుని దాని వెనకున్న అంచనాల పటం గీయమనాలి. ఇద్దరు విద్యార్థులు పటాలు మార్చుకుని ఒకరి బాణాలను ఒకరు ప్రశ్నించుకోవాలి. థీసిస్‌కు మార్పుల పుస్తకాన్ని అనుబంధంగా తప్పనిసరి చేయాలి. దాన్ని పరీక్షకులు ముందే చదివి వస్తే, వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) స్కోర్లు ఎంత పెరిగాయన్న ప్రశ్నతో పాటు రెండో విడతలో పట్టీకి గీతలు ఎందుకు కొట్టారు, ఆ రోజు ఏం చూసి ఆ నిర్ణయం తీసుకున్నారు అన్న ప్రశ్నలూ వస్తాయి.