మా విద్య మహా ప్రమాదకరం, అందుకే ఎవరితోనూ తలపడం

వేరే యుద్ధవిద్య నేర్చుకున్నవారితో రెండు రౌండ్లు స్పారింగ్, అంటే సాధన పోరు, చేద్దామా అని అడిగి చూడండి. కొందరు మాస్టార్ల ముఖంలో అపారమైన కరుణ పొంగుతుంది. "వద్దు నాయనా, మా విద్య ప్రాణాలు తీయడానికే పుట్టింది. అవతలివాడికి ఏమైనా అయితే ఆ పాపం ఎవరిది?" అంటారు. ఎంత పెద్ద మనసు! బాక్సర్లు, కుస్తీ వస్తాదులు ఇంకా ఈ లోకంలో తిరుగుతున్నారంటే అది ఈ మహానుభావులు పెట్టిన ప్రాణభిక్షే.

బాక్సర్లకు ఈపాటి దయ కూడా లేదు. రోజూ సాయంత్రం తోటివాడిని గుద్దుతారు, గుద్దించుకుంటారు, చెమట తుడుచుకుని కబుర్లు చెప్పుకుంటూ ఇంటికి పోతారు. జూడోవాళ్లయితే పడేసినవాడిని చేయిచ్చి లేపి మరీ మళ్లీ పడేస్తారు. చూశారా, ఎవరూ చావడం లేదు. కాబట్టి అవి అసలు విద్యలే కావని తేలిపోయింది!

అసలు విద్య అంటే ఎలా ఉంటుందో ప్రదర్శనలో చూడాలి. మాస్టారు నడుం మీద చేతులు పెట్టుకుని "రా, గుద్దు" అంటారు. ఏళ్ల తరబడి సాధన చేసిన శిష్యుడు గట్టిగా అరిచి ఒక్క అడుగు ముందుకు వేస్తాడు. పిడికిలి మాస్టారి ముక్కుకు జానెడు దూరంలో ఆగుతుంది. ఆగి, అక్కడే ఉంటుంది. దర్జీకి కొలత ఇస్తున్నట్టు చేయి చాపి నిలబడతాడు శిష్యుడు. మాస్టారు ఆ మణికట్టు పట్టుకుని ప్రేక్షకుల వైపు తిరిగి, అందులోని నాడుల గురించి తీరిగ్గా ఉపన్యసిస్తారు. చేయి ఇంకా అక్కడే ఉంది. శిష్యుడికి రెండో చేయి కూడా ఉంది గానీ, అది క్రమశిక్షణ కలిగిన చేయి, మధ్యలో కలగజేసుకోదు. అప్పుడు మోచేతి మీద ఒకటి, పక్కటెముకల మీద ఒకటి, కంఠం మీద ఒకటి, అన్నీ తాకీ తాకనట్టుగానే పడతాయి. ప్రతి దెబ్బకూ శిష్యుడు ఏ వైపు విలవిల్లాడాలో ఆ వైపే విలవిల్లాడతాడు. బెల్టు రంగు ముదిరినకొద్దీ దెబ్బ తగలకముందే పడిపోయే నైపుణ్యం కూడా అబ్బుతుంది. చప్పట్లు. ఎవరో కొత్త కుర్రవాడు "అతను చేయి వెనక్కి లాగేసుకుంటే?" అని అడుగుతాడు. మాస్టారు కాసేపు ఆలోచించి "అలా లాగకూడదు" అంటారు. మర్నాటి నుంచి ఆ కుర్రవాడు చివరి వరుస.

ఈ నాటకం ఒక్కోసారి ఇంటి గడప దాటుతుంది. చేయి తగలకుండానే శిష్యులను పడగొట్టే ఒక గురువు జపాన్‌లో 2006లో మిశ్రమ యుద్ధవిద్యల ఆటగాడిని ఎదుర్కొన్నారు. ఆ ఆటగాడికి పడిపోవాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు. గురువుగారి ముక్కున రక్తం కారింది. 2017లో చైనాలోని చెంగ్డూలో మరో మిశ్రమ యుద్ధవిద్యల ఆటగాడితో తలపడిన ఒక తాయ్‌చీ గురువు ఆట అర నిమిషంలోపే ముగిసింది.

1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో వేర్వేరు విద్యలవారిని ఒకే బోనులోకి దింపిన మొదటి యూఎఫ్‌సీ పోటీకి ఒక బాక్సర్ ఒక్క చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. నేల మీద పట్లు పట్టే బ్రెజిలియన్ జుజుత్సు యోధుడు హోయ్స్ గ్రేసీ నేల మీదికి లాగాక ఆ బాక్సర్ చేసేదేమీ లేక ఓటమి ఒప్పుకున్నాడు. గ్రేసీ ఆ ఒక్క రాత్రే ముగ్గురిని ఓడించాడు. ఆ బాక్సర్‌ను చూసి నవ్వండి, తప్పులేదు. కానీ వచ్చాడు కదా! తర్వాతి ఏళ్లలో గుద్దేవాళ్లు కుస్తీ నేర్చుకున్నారు, కుస్తీవాళ్లు గుద్దడం నేర్చుకున్నారు. మన ఉత్తర కుమారులు మాత్రం అంతఃపురం దాటలేదు.

1882లో జూడోకు పునాది వేసిన జిగోరో కానో ఈ చిక్కుముడిని అప్పుడే విప్పాడు. జపాన్ పాత యుద్ధవిద్య జుజుత్సులోని ప్రమాదకరమైన దెబ్బలను స్వేచ్ఛా సాధనలోంచి తీసేశాడు. మిగిలినవాటిని, ఎదురుతిరిగే మనిషి మీద, పూర్తి బలంతో, రోజూ చేయించాడు. కళ్లు పొడిచే విద్యను గాలిలో పదేళ్లు సాధన చేసినవాడికి, నిజంగా ఎదురుతిరిగే మనిషిని ఎన్నడూ పట్టుకోనివాడికి, ఆ కన్ను దొరకదు. అది కదులుతూ ఉంటుంది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ ఇదే మాస్టారు ఆడపిల్లలకు ఆత్మరక్షణ కూడా నేర్పుతారు. మణికట్టు ఇలా తిప్పితే చాలు, ఎంత బరువున్నవాడైనా మోకాళ్ల మీద పడతాడని చెబుతారు. ఆ పిల్ల నమ్ముతుంది. ఎందుకు నమ్మదు? తరగతిలో తిప్పినప్పుడల్లా ఎదుటివాడు పడ్డాడు. పడమని చెప్పి పెట్టిన మనిషి కనుక పడ్డాడు! ఆమె చేతిని బిగించి, వదలకుండా, గోడకు నెట్టినవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. రేపు పరుగెత్తవలసిన క్షణంలో ఆమె నిలబడి మణికట్టు తిప్పుతుంది. ఇది సంప్రదాయం కాదు, గౌరవం కాదు, పచ్చి మోసం. ఫీజు తీసుకుని ఒక మనిషి ప్రాణంతో ఆడుకోవడం. తమ బెల్టు పరువు కోసం ఆ పిల్లను బలిపెట్టే హక్కు వీళ్లకు ఎవరిచ్చారు?

కాబట్టి ప్రాణాంతక విద్యలవారికి బహిరంగ ఆహ్వానం. గ్లవ్స్, మౌత్‌గార్డ్ మేమే ఇస్తాం. దెబ్బల జోరు ఎంత ఉండాలో ముందే మాట్లాడుకుందాం. చాలనిపిస్తే చేత్తో రెండుసార్లు తట్టండి, అక్కడితో ఆపేస్తాం. మా చావుకు మేమే బాధ్యులమని కాగితం మీద రాసిస్తాం, సాక్షి సంతకాలు కూడా పెట్టిస్తాం. ఇక పాపభయం అక్కరలేదు. మిగిలింది మోకాలి నొప్పి ఒక్కటే. అది ఎప్పటికి తగ్గుతుందో మాస్టారే సెలవివ్వాలి.