మూడొందల కిలోల అబద్ధం

పికప్‌కి సస్పెన్షన్ మార్పించుకోవడానికి వెళ్తే షాపువాడు మొదట అడిగేది బడ్జెట్ కాదు. "తొట్టిలో ఎప్పుడూ ఎంత బరువుంటుంది సార్?" అంటాడు. పెళ్లిచూపుల్లో జీతం అడిగినట్టే ఇదీ. ఎవరూ ఉన్నది చెప్పరు.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉండే అల్లుడుగారు కూడా చెప్పలేదు. అప్పటికి ఆయన బండి తొట్టిలో ఉన్నవి ఒక గొడుగు, పిల్లాడి క్రికెట్ బ్యాటు, అత్తగారు అరిసెలు పెట్టి పంపిన ఖాళీ స్టీలు డబ్బా. ఆయన కళ్లకు మాత్రం తొట్టి మీద కప్పే కనోపీ, ఫ్రిజ్, టెంటు, దిగబడిన బండిని లాగే విన్చి, రెండు జెర్రీ క్యాన్లు కనిపించాయి. "మూడొందల కిలోలు" అన్నారు. షాపువాడు రాసుకున్నాడు.

ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి పికప్‌లకి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక మన లారీలకున్నట్టే కమాన్ పట్టీలు ఉంటాయి. వెనక మార్చే కమాన్ కట్టల్లో ఖాళీ బండికి ఒక రకం, బరువు బండికి ఒక రకం. 300 కిలోల కాన్‌స్టెంట్ లోడ్ అని రాసి ఉంటే 300 కిలోలు మొయ్యగలదని కాదు, మోస్తూనే ఉండాలని. అంత బరువు నెత్తిన ఉంటేనే పట్టీలు అనుకున్న ఎత్తుకి దిగి, గుంత వచ్చినప్పుడు ఒంగుతాయి. కిట్ పెట్టె మీద వేసిన 50 మి.మీ. లిఫ్ట్ (బండి పైకి లేచే ఎత్తు) అన్న అంకె కూడా ఆ బరువుతో కలిపి చెప్పిందే. ఖాళీగా తిప్పితే వెనక భాగం ఇంకో రెండంగుళాలు లేచి, ఒంగడానికి ఇష్టపడదు. కొనేముందు బండిని కాటా మీదికి ఎక్కించి, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూకం వేయించుకుంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

ముందు వైపు ఇంకో ముచ్చట. జె.సి. రోడ్డులో స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన ముక్క) నెత్తిన బిగించే స్పేసర్లనే బిళ్లలు చవగ్గా కనిపించాయి. రెండంగుళాల లిఫ్ట్ కావాలి కాబట్టి అల్లుడుగారు రెండంగుళాల స్పేసర్లు కొన్నారు. లెక్క సరిగ్గానే ఉందనిపిస్తుంది. కానీ స్ట్రట్ కింది కొస చక్రం దగ్గర ఉండదు, చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మ్ మీద సుమారు సగం దూరంలో ఉంటుంది. పైన అంగుళం పెడితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు. అంటే ముందు భాగం నాలుగంగుళాలు లేచింది. పై ఆర్మ్ స్ప్రింగుకి ఆనుకుంది, ముందు చక్రాలకి శక్తినందించే సీవీ జాయింట్లు ఒంగాల్సినదానికంటే ఎక్కువ ఒంగాయి. "ఇదు బేడ సార్" (ఇది వద్దు) అని మెకానిక్ వాటిని ఊడదీసి, కిట్‌లో వచ్చిన స్ట్రట్‌లే వేశాడు. ఆ స్పేసర్లు ఇప్పుడు అల్లుడుగారి టేబుల్ మీద పేపర్ వెయిట్లు.

ఆ మెకానిక్ కుర్రాడు పని తెలిసినవాడే. కమాన్ కట్టని ఇరుసుకి బిగించే పాత యూ బోల్టులు మళ్లీ వాడలేదు. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగిపోతుంది, పైగా కొత్త కట్ట లావు కాబట్టి పాతది పొడవు చాలదు. నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాడు. 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించుకోమన్నాడు. లిఫ్ట్‌తో కాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు, అలైన్‌మెంట్ తప్పదన్నాడు. అదీ అయింది. చేసిన తప్పు ఒక్కటే. బండి జాకీ మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే కమాన్, ఆర్మ్ కీళ్లలో ఉండే బుష్‌ల బోల్టులన్నీ పూర్తిగా బిగించేశాడు. రబ్బరు బుష్ ఆ వేలాడే భంగిమలో పట్టుబడిపోతుంది. బండి నేల మీదికి దిగగానే మెలితిరిగి ఎప్పుడూ ఆ మెలిలోనే ఉంటుంది, కొన్నాళ్లకి చిరుగుతుంది. చక్రాలు నేలకి ఆని, బరువు పడ్డాకే వాటి ఆఖరి బిగింపు. (మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల్ని ఎలా చూస్తుందో, ఇన్సూరెన్సువాళ్లు ఏమంటారో కూడా అల్లుడుగారు చదవలేదు. అది వేరే వ్యాసం.)

అలాంటి సమయంలో మామగారు దిగారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీలు తిప్పిన మనిషి. బండి ఎక్కించి వర్తూరు దాకా తీసుకెళ్తే దారి పొడవునా హంపులు. ప్రతి హంపుకీ ముందు భాగం మర్యాదగా దిగేది, వెనక భాగం తన్నేది. వెనక సీట్లో మామగారు నాలుగు హంపులు ఓర్చుకున్నారు. అయిదోదానికి కళ్లజోడు సర్దుకుంటూ అన్నారు.

"బాబూ, ఇది అచ్చం ఖాళీ లారీయే. ఇలా కుదిపితే మా డ్రైవర్లు బత్తా ఎక్కువడిగేవాళ్లు. మీరు ఎదురు డబ్బు కట్టారా?"

"ఆఫ్ రోడ్ కోసం మామయ్యగారూ."

"రోడ్డు మీదే ఇలా ఉంటే అది దేనికి?"

అల్లుడుగారికి పౌరుషం వచ్చింది. బరువు వేస్తే మెత్తబడుతుందని రుజువు చెయ్యాలి. నంద్యాల వెళ్లి, అపార్టుమెంటులోని మూడు తెలుగు కుటుంబాలకీ తమకీ కలిపి, పాత సోనా మసూరి పాతిక కిలోల బస్తాలు పన్నెండు వేసుకొచ్చారు. లెక్క చూడండి, సరిగ్గా 300 కిలోలు. అనంతపురం దాటాక నున్నటి రోడ్డు మీద బండి పల్లకీలా నడిచింది. బాగేపల్లి టోల్‌గేటు దాకా మామగారు నిద్రపోయారు. అల్లుడుగారు జీవితంలో గెలిచిన రోజు అదొక్కటే.

ఇల్లు చేరేసరికి వాన. అన్నాళ్లూ బండి పైన విజిటర్ల స్థలంలో ఉండేది. ఇప్పుడు బస్తాలు తడవకుండా అపార్టుమెంటు లిఫ్ట్ దగ్గరికే తీసుకెళ్లాలని, మొదటిసారి సెల్లార్‌లోకి దింపారు. గేటు దగ్గర బోర్డు మీద ఎత్తు పరిమితి 2.1 మీటర్లు అని ఉంది. బండి ఎత్తు కాగితాల్లో 1,815 మి.మీ. లిఫ్ట్ 50. టైర్లు 265/65 ఆర్17 తీసి 265/70 వేశారు, దాంతో ఇంకో 13. పైన రాక్, దాని మీద లైట్ బార్, 180. వెరసి 2,058. ఇంకా 42 మి.మీ. సందుంది. కానీ ర్యాంపు వచ్చి నేలని కలిసే మలుపు దగ్గర ముందు చక్రాలు ఒక వాలు మీద, వెనక చక్రాలు ఇంకో వాలు మీద ఉంటాయి. మూడు మీటర్ల పైచిలుకు పొడవున్న ఆ దూరానికి మధ్యలో నేల దిగిపోయి బండి పైకి తేలుతుంది. అక్కడ 30 పోయింది. మిగిలింది 12. అక్కడ కప్పుకి వేలాడే పైపు కింద నుంచి, వేలు కూడా పట్టని సందులో, బండి సాఫీగా వెళ్లిపోయింది. ఎవరూ పైకి చూడలేదు.

బస్తాలు దించారు. ఎవరి వాటా వాళ్లకి చేరింది. రాత్రికి రాత్రే డబ్బాల్లోకి పోశారు. ఒకరింట్లో పొద్దున్నే అట్ల పిండి కోసం నానబోశారు కూడా.

ఉదయం ఏడున్నరకి బండి ర్యాంపు మొదట్లోకి రాగానే నెత్తిమీద టక్ మని చప్పుడైంది. సెక్యూరిటీ అబ్బాయి రెండు చేతులూ ఎత్తి పరిగెత్తుకొచ్చాడు. రాక్ మీది లైట్ బార్ పైపుకి ఆనుకుంది. అది నిప్పు అంటుకుంటే నీళ్లు చిమ్మే పైపు. పగిలితే సెల్లార్‌లో ఉన్న కార్లన్నిటికీ స్నానం.

300 కిలోలు దిగాయి కాబట్టి కమాన్లు రెండంగుళాలు లేచాయి. రాక్ వెనక ఇరుసు మీద లేదు, రెండు ఇరుసులకీ నడుమ ఉంది. కాబట్టి అక్కడ పెరిగింది సగమే, అంగుళం. ఉన్న సందు అర అంగుళం కూడా లేదు. నిన్న లోపలికి వచ్చిన బండీ, ఇవాళ బయటికి వెళ్తున్న బండీ ఒకటి కాదు.

"బియ్యం మళ్లీ ఎక్కించండి" అన్నారు మామగారు.

"డబ్బాల్లో పోసేశారు నాన్నా" అని పై నుంచి అమ్మాయి ఫోన్‌లో.

బియ్యం తీసుకున్నవాళ్లే రుణం తీర్చుకోవాలి కదా. ముగ్గురు మగవాళ్లు, ఒకరు లుంగీలో, ఒకరు లాప్‌టాప్ బ్యాగుతో, ఒకరు హెడ్‌ఫోన్‌లో మీటింగ్ వింటూ, తొట్టిలో వెనక ఇరుసు మీదుగా కూర్చున్నారు. మనిషికి డెబ్బై చొప్పున 210 కిలోలు. లెక్క ప్రకారం నాలుగు మిల్లీమీటర్ల సందు రావాలి. నాలుగు మిల్లీమీటర్ల నమ్మకం మీద ఆ పైపు కింద బండి తోలే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. టైర్లలో గాలి 35 నుంచి 20 పీఎస్ఐకి దించారు. ఇసుకలో తప్ప వాడనని అల్లుడుగారు దాచుకున్న డిఫ్లేటర్‌కి గృహప్రవేశం సెల్లార్‌లో జరిగింది. ఇంకో వేలి మందం సందు వచ్చింది. లో రేంజ్ (నెమ్మదిగా, బలంగా లాగే గేరు) వేసి, ఫస్ట్ గేరులో, క్లచ్ వదిలేసి నత్తలా పైకి ఎక్కించారు. ఆఫ్ రోడ్ అంటే అదే అనుకుంటే, ఆ కిట్‌తో చేసిన తొలి ఆఫ్ రోడ్ అదే.

పైకి రాగానే ముగ్గురూ దూకేశారు. వెనక భాగం మళ్లీ లేచింది. పన్నెండు వోల్టుల కంప్రెసర్‌తో గాలి నింపుతుంటే సెక్యూరిటీ అబ్బాయి దగ్గరికొచ్చి వినయంగా అడిగాడు.

"సాయంకాల వాపస్ బర్తీరా సార్?" (సాయంత్రం మళ్లీ వస్తారా అని.)

అల్లుడుగారు ఆ ముగ్గురి కోసం చూశారు. ఎవరూ లేరు. మామగారు మాత్రం తల పైకెత్తి బండి నెత్తి వైపు చూస్తున్నారు.

"ఆ రాక్‌కి ఎన్ని బోల్టులు బాబూ?"

"ఎనిమిది మామయ్యగారూ. పదమూడో నంబరు స్పానర్."

"పది నిమిషాల పని. ఇందాకే అందామనుకున్నా. అందరూ హుషారుగా ఉన్నారు కదా అని ఊరుకున్నా."